ఇంటర్వ్యూలో మామ తరాజు

పీహెచ్‌డీ అయ్యాక ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో పోస్ట్‌డాక్టరల్ పరిశోధనకు దరఖాస్తు పెట్టాను. కొలతల శాస్త్ర విభాగం. మిల్లీగ్రాము కన్నా చిన్న బరువులను ఎంత నమ్మకంగా తూచగలమన్నది నా పని. బీదర్‌లో మా ఇంట్లోవాళ్లకు అర్థం కావాలని "తూకాల మీద పరిశోధన" అని చెప్పాను. అదే నేను చేసిన తప్పు.

ఆ ఆదివారం అమ్మ చర్చిలో నా కోసం ప్రార్థన చేయమని అడిగింది. పాస్టరయ్య అందరికీ వినబడేలా, "మన బిడ్డకు తూకాల ఆఫీసుల సర్కారీ నౌకరీ వస్తాంది, ప్రార్థన చేయుండ్రి" అన్నారు. సోమవారం నుంచి మా వీధి కూరగాయలామె అడగకుండానే రెండు వంకాయలు ఎక్కువ వేయసాగింది. నేను తూకాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ని కానని చెప్పబోతే, "నాకు తెల్సు అక్కా, నువ్వు చెప్పకు, నేను అడుగ" అని కన్ను గీటింది.

ఈ మాట మా మామ ఊరు ధన్నూర దాకా పోయిందని ఇంటర్వ్యూ రోజు తెలిసింది.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో. తలుపు దగ్గరగా వేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర మీద ముగ్గురు శాస్త్రవేత్తలు. మొదట్లో బాగానే సాగింది. అంతలో తలుపు తోసుకుని మామ వచ్చాడు. అమ్మకు అన్న, ధన్నూరలో కిరాణా దుకాణం ఆయనది. భుజాన ఉన్న గోనెసంచిని నా బల్ల మీద దించేసరికి లోపలి ఇనుప తూకంరాళ్లు ధణేల్‌మన్నాయి.

"వీటికి ఈ యేటి సర్కారీ ముద్ర కొట్టు బిడ్డా. ఆఫీసుల సుట్టు తిరుగుడు నాతోని గాదు."

"మామా, ఇంటర్వ్యూ నడుస్తాంది! బైటికి పో!"

"నడువనీ. నేను కూసుంట."

తెర మీద పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, సంచిలో ఏముందని హిందీలో అడిగాడు. మామ గర్వంగా తరాజు తీసి కెమెరా ముందు ఎత్తి పట్టుకున్నాడు. నా ముఖం ఒక పళ్లెం వెనక దాగిపోయింది.

"సరే, ఈ తరాజు కడ్డీ రెండు వైపులా సమానంగా లేదనుకో. సరైన బరువు ఎలా కనుక్కుంటావు?" అని ఆయన నన్నడిగాడు.

నాకు బాగా తెలిసిన సంగతే. అయినా, "ముందుగా ఒక సమీకరణం..." అని నసిగాను. మామ నా వైపు జాలిగా చూసి, దక్కనీ ఉర్దూలో నేరుగా వాళ్లకే చెప్పాడు: సామాను ఒకసారి ఈ పళ్లెంలో, మళ్లీ ఆ పళ్లెంలో వేసి తూచాలి, రెండుసార్లూ ఒకటే వస్తే తరాజు మంచిది, రాకపోతే కడ్డీ దగా చేస్తోందన్నమాట.

ముగ్గురూ పగలబడి నవ్వారు. ప్రయోగశాలలో తామూ అలాగే అటూ ఇటూ మార్చి తూస్తామన్నాడు పెద్దాయన. "మరి రెండు తూకాలూ వేరుగా వస్తే అసలు బరువెంత?"

మామ తరాజు దించి, "గది ఆమె చెప్తది" అని పక్కకు జరిగాడు.

రెండింటినీ గుణించి వర్గమూలం తీయాలన్నాను. ఆ తర్వాత కూడా ఎంత సందేహం మిగులుతుందో, దాన్ని ఎలా అంచనా వేయాలో వివరంగా చెప్పాను. ఎక్కడా తడబడలేదు. పోగొట్టుకోవడానికి అప్పటికి పరువేమీ మిగల్లేదు మరి.

నెల తర్వాత ఎంపికైనట్టు మెయిల్ వచ్చింది. మామకు ఫోన్ చేశాను.

"నాకు ఎరికే. నేను లేకుంటే అయితుండెనా? ఎన్నేండ్ల నౌకరీ?"

"రెండేండ్లు మామా."



"ఇంత చదివినంక టెంపరరీనా? ఆ పెద్దాయన నంబరు ఇయ్యి, నేను మాట్లాడుత. నన్ను ఎరిగిన మనిషే గద."