నిలబడితే పలకని క్లారినెట్

రాజాంలో మా పక్కింటి ఈశ్వర్ కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్ ఊదడం అతని పని. పళ్లు తోముకుంటున్నా వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంటాడు. పాత ఇంగ్లీషు రాక్, పాప్ పాటలంటే ప్రాణం. మాట ఒక్కటీ అర్థం కాదు. క్యాసెట్లు అరిగేదాకా విని వరసలు పట్టేశాడు. ఊరేగింపులో అవి ఊదితే పెళ్లివారి చెవులన్నీ టపాకాయల మీదే.

"ముప్పయ్యేళ్లయినాదప్పా. నా పాట ఒక్కడైనా కూకోని ఇన్నాడా?" అని అక్క వరసైన నా దగ్గర వాపోయేవాడు.

అందుకే టీవీవాళ్లు, జనం కుర్చీల్లో కూర్చుని వినే పాత ఇంగ్లీషు పాటల కార్యక్రమానికి విశాఖపట్నం రమ్మన్నాక, వారం రోజులు అతనికి అన్నం సయించలేదు. అతని భార్య రాణి నన్ను తోడు రమ్మంది. పిలవకపోయినా వెళ్లేదాన్నే. ఆ టీవీ లోపల ఏం చేస్తారో చూడాలని నాకు ఎన్నాళ్లనుంచో ఉంది.

స్టేజీ మీద మైకు ముందు తెల్ల టేపు అంటించారు. "దాని మీంచి కదలకండి" అన్నాడు డైరెక్టరు.

ఈశ్వర్ ఊదాడు. సగంలోనే ఊపిరి తెగింది. రెండోసారి మొదట్లోనే కీచుమంది.

"ఏటయినాది నీకు? ఇంటికాడ బానే ఊదినావు కదా!" అని కింద నుంచి రాణి అరిచింది.

"కాళ్లాడకపోతే ఊపిరి రాట్లేదే!"

"ఇంకొక్కసారి చూస్తాం. లేకపోతే తర్వాతివారిని పిలుస్తాం" అన్నాడు డైరెక్టరు.

నేను ఆగలేకపోయాను. లేచి, "బాబూ, ఆ మైకు సుట్టూ తిరగనిస్తే మీకేటి పోతాది? ఊరేగింపు మనిషి!" అన్నాను.

"కెమెరాకి వీపు కనబడుతుందమ్మా."

"కనబడనీ. పొందూరు ఖద్దరు సొక్కా, కొత్తదే!"

హాలంతా నవ్వింది. డైరెక్టరూ నవ్వి, సరేనన్నాడు.

ఈశ్వర్ మైకు చుట్టూ నడిచాడు. పాట కాలవకి నీళ్లు వదిలినట్టు వచ్చేసింది. ముందు వరసలో ఒకాయన లేచి ఊగాడు. పక్కనున్నావిడ లేచింది. పాట అయ్యేసరికి కుర్చీలో ఒక్కరూ లేరు. చప్పట్లే చప్పట్లు.

ఈశ్వర్ ముఖం మాడ్చుకుని దిగొచ్చాడు. "సూసినావా అప్పా, ఈళ్లూ లెగిసిపోనారు!"

"లెగిసినోళ్లకి సెవులుండవేటి?" అంది రాణి.

అతను వింటేగా! బస్సుకి వేళయిందని మేం చొక్కా పట్టుకు లాగుతున్నా, డైరెక్టరు దగ్గరికి పోయాడు. "ఇంకోటున్నాదండి. నెమ్మదిది. లెగడానికి ఈలుండదు."

డైరెక్టరు గడియారం చూసుకునేలోపే, ఈశ్వర్ మళ్లీ మైకు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు.