కళ్లకద్దుకున్న ఒంటె

మేడ్చల్‌ ఫంక్షన్ హాల్లో జరిగిన ఆ పిల్లల చదరంగం పోటీ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చివరి ఆట గెలిస్తే మా అమ్మాయికి జిల్లా జట్టులో చోటు. పదకొండేళ్ల పిల్ల. దీనికోసమే ఏడాది పాటు శామీర్‌పేట నుంచి నా బండి వెనక కూర్చుని శిక్షణకు తిరిగింది.

తల్లిదండ్రులం అద్దాల తలుపు బయట నిలబడ్డాం. మా పిల్ల గుర్రం ముందున్న బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీలోకి ఒంటెను తెచ్చి కూర్చోబెట్టింది. మూల నుంచి మూలకు బోర్డంతా దాని చూపే. రాజును దాని వెనక దాచింది. ఎదుటి పిల్ల మంత్రి ఆ రాజు మీదే కన్నేసింది కానీ, ఒంటె అక్కడున్నంత సేపు దాని పప్పులుడకవు. ఇంకో రెండెత్తుల్లో గెలుపు మాదే.

అప్పుడు మా పిల్ల ఒంటెను తీసి, కళ్లకద్దుకుని, మళ్లీ అదే గడిలో పెట్టింది.

ఎదుటి పిల్ల చెయ్యి లేపింది. ముట్టుకున్న పావును కదపాల్సిందేనన్నాడు నిర్ణేత. తలుపు తోసుకుని లోపలికి పోయాను.

"ఏంది సార్ గిది? మొక్కింది గానీ ఎత్తు ఎయ్యలే! దండం వెట్టుకున్నా తప్పేనా?"

"అన్నా, బయటికి నడువ్. ఇంకో మాటంటే ఆట గీడనే బంద్ జేస్త."

ఎదుటి పిల్ల తల్లి, బహదూర్‌పల్లిలో ఉంటున్న కోస్తా ఆవిడ, తలుపు దగ్గరి నుంచే నవ్వింది. "దండాలకైతే గుడికి తీసుకెళ్లండి, అన్నయ్య గారూ."

అన్నయ్య గారట!

ఒంటె కదిలింది. మరుసటి ఎత్తుకే మంత్రి వచ్చి రాజు నెత్తిన కూర్చుంది. ఆట కట్టు.

ఆ అలవాటు నేర్పింది నేనే. మా నాయిన శామీర్‌పేట చెరువు కట్ట మీద ఒక నవాబుతో మూడు పగళ్లు ఆడి, ఒంటెను కళ్లకద్దుకున్న మరుక్షణం గెలిచి, ఏడు గుర్రాలు ఇంటికి తోలుకొచ్చాడని చెప్పేవాణ్ని. అన్ని ఆటల్లోనూ మా పిల్ల మొదలుపెట్టక ముందే అద్దుకునేది కాబట్టి ఎవరూ ఏమనలేదు. ఈసారి గెలుపు దగ్గరికొచ్చిందని, కథలో తాతలాగే, నడిమధ్యలో అద్దుకుంది.

బయట బండి దగ్గర నేను ఆ తల్లినీ పిల్లనీ తిడుతుంటే మా పిల్ల ఆపింది.

"గా పిల్లను తిట్టకు బాపూ. రూలు నాకు ఎరుకే. తాత నిజంగ గెలిసిండా?"

ఎనిమిదో గుర్రం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"తాతకు ఆటే రాదు బిడ్డా."

"మరి నవాబు?"

"లేడు."

"నేను బస్సుల వస్త," అని రోడ్డెక్కింది. నేను బండి తోసుకుంటూ వెనకే నడిచాను. బస్సులాగే చెక్‌పోస్టు దాకా ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.