మా పక్కింటి అరుగే రిసార్ట్!

2006 డిసెంబరు. చింతపల్లి ఇంటర్నెట్ సెంటర్లో నేను, మా పక్కింటి ఆవిడ, కాఫీ రైతు సోంబారి, సెంటర్ నడిపే రమణ ఉన్నాం.

ఇంటర్నెట్ అంటే ఏమిటో సోంబారికి చూపిద్దామని మన్యంలో బసల కోసం వెతికించాను. ఒక రిసార్ట్ ప్రకటన వచ్చింది. అందులో సోంబారి ఇల్లు, అరుగు మీద సామలు దంచుతూ సోంబారి!

"నన్నడక్కుండా నా బొమ్మెట్టీసినారేటి మాస్టారూ! బేగి తీయించండి" అని మండిపడింది. రమణ వాళ్లకు మెయిల్ పంపాడు.

మర్నాడు ఉదయం ఆ ప్రకటన పట్టుకుని, బొమ్మలోని ఇల్లెక్కడని అడుగుతూ విశాఖ దంపతులు సోంబారి ఇంటి ముందు జీపు దిగారు.

"మా రూమ్ ఏదమ్మా?"

సోంబారి ఆ వచ్చినాయన చేతిలో రోకలి పెట్టి, అతని మెడలోని కెమెరా అందుకుంది.

"దంచు బాబూ, ఫొటో తీస్తాను."

"నన్నడగకుండా తీసేస్తారా?"

"ఈ మాటే ఆ రిసార్టోళ్లకి సెప్పు!"

ఇది పత్రికకు పంపేముందు సోంబారిని అడిగాను.