ఎలుకపిల్లల గదిలో లైటు

తొంభైలలో మాట. తొలి కాన్పుకు మెట్‌పల్లిలోని పుట్టింటికి వచ్చాను. అప్పటికి హైదరాబాదులో రీసెర్చి చేస్తున్నాను. ఎలుకపిల్లలను పుట్టినప్పటి నుంచీ తల్లితోపాటు చీకటి గదిలో పెంచి, వెలుతురు చూడని మెదడులో నాడీకణాలు సంకేతాలు అందుకోవడానికి కావలసిన గ్లుటమేట్ గ్రాహకాల జన్యువులు ఎలా పనిచేస్తాయో చూడటం నా పని.

బాలింతనని అవ్వ, అంటే మా అమ్మ, నన్నూ పాపనూ ఒక గదిలో పెట్టి కిటికీలకు దుప్పట్లు కట్టేసింది.

"అవ్వా, కండ్లల్ల వెలుగు వడకుంటే మెదడుకు చూసుడు రాదే! చీకట్ల వెంచిన నా ఎలుకపిల్లలను చూసే చెప్తున్న" అని ఏడ్చినంత పనిచేశాను.

అవ్వ గబగబా దుప్పట్లు పీకేసి, చెప్పులేసుకుని ఎటో వెళ్లిపోయింది.

సాయంత్రం మా గైడుగారు పక్కింటికి ఫోన్ చేసి లబోదిబోమన్నారు. అవ్వ ఎస్టీడీ బూత్ నుంచి మా ల్యాబుకు ఫోన్ చేసి, "జర గా ఎలుకల గదిల లైటెయ్యి బిడ్డా" అన్నదట. అటెండరు భక్తిగా వేసేశాడట! నా థీసిస్ ఆర్నెల్లు వెనక్కి పోయింది.

"ఎంత పని చేసినవే అవ్వా!" అని అరిచాను.

పాపకు కాటుక దిద్దుతున్న అవ్వ తలెత్తలేదు. "నీ బిడ్డకైతే దుప్పట్లు తీయిస్తివి. గా తల్లెలుక గూడ బాలింతనే గద!"