తాలింపు లేని చిత్రాన్నం

ఈ మధ్యాహ్నం కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో కడప రమణక్క అన్నాల కొట్టుకి వెళ్లాను. కొర్రలతో చేసే చిత్రాన్నం మా కోనసీమలో ఎరగం, ఓసారి రుచి చూద్దామని. నా ముందు, రుమైథియాలో ఇంటిపని చేసే ఒకావిడ తనకి తాలింపు లేకుండా ఇమ్మంది.

"తాలింపు లేకపోతే అది చిత్రాన్నం ఎలా అవుద్దండీ?" అన్నాను నవ్వుతూ.

"మొన్న మా నాయన పోయినాడన్నా. మా ఇంటి మామా, అదే మా యజమానురాలు, ఊరికి పంపీలేదు. ఆమె ఇంట్లో పొద్దన్నుంచి తాలింపులకి ఎర్రగడ్డలు వేంచేది నేనే. నేను తినే ముద్దలోనన్నా తాలింపు లేకుంటే సాలు" అంది.

నా నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. రమణక్క వట్టి కొర్రన్నంలో నిమ్మకాయ పిండి ఆమెకిచ్చి, కాగుతున్న నూనె కింద మంట ఆపేసింది. వెనక నుంచి ఎవరో "యల్లా అక్కా, ఆకలి!" అంటే, "ఉండబ్బా, ఆయమ్మ తిననీ" అంది.

చావింట్లో తాలింపు చప్పుడు వినపడకూడదని మా అమ్మమ్మ అనేది. మీ వైపూ ఉందా ఈ పట్టింపు? ఆమె తిన్నంతసేపూ, ఆ కొట్టు ముందు ఆకలితో నిలబడ్డ మేమంతా చావింటివాళ్లమే అయ్యాం.