జగదీష్ కాళి క్లాసు

జగదీష్ కాళీ ఉపాసన చేస్తాడని మన స్టాక్టన్ తెలుగువాళ్లలో పుట్టిన మాట శుద్ధ అబద్ధం. నేను కళ్లారా చూసి వచ్చి రాస్తున్నాను.

ఆ మాట ఎనభై మూడు వేసవిలో పుట్టింది. జగదీష్ టొమాటో డబ్బాల ఫ్యాక్టరీలో కెమిస్టు. ఫ్రీవే మీద వెనకవాడు హారన్ కొడితే వాడికే సారీ చెప్పే మనిషి. అలాంటివాడు శనివారం పొద్దున్నే రెండు బెత్తాలు కారులో వేసుకుని ఎక్కడికో వెళ్లి, వేళ్లు కమిలిపోయి తిరిగొచ్చేవాడు. ఫోనులో ఎవరినో "గురో" అనేవాడు. ఎక్కడికని వాళ్ల పక్కింటి వసుమతి అడిగితే "కాళి క్లాస్‌కి" అన్నాడట. ఇంకేముంది. అతని భార్య శశికళ శనివారాలు పిల్లలకు సంగీతం చెప్పేది. ఎనిమిది మందినీ తల్లులు మాన్పించేశారు. శశికళ శ్రుతిపెట్టె ముందు ఒక్కతే కూర్చుని కళ్లు ఒత్తుకుంటుంటే చూడలేకపోయాను.

మరుసటి శనివారం అతని కారెక్కి కూర్చున్నాను.

"నేనూ వస్తా నాయనా. ఆ గురువుగారిని చూడాలి."

"అక్కడ కుర్చీ కూడా ఉండదు పిన్నిగారూ."

"నుంచుంటాలే. డ్రైవ్ చెయ్యి."

తీరా చూస్తే అది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన రూబెన్ గారి గరాజ్. కాళి అన్నది వాళ్ల కర్రసాము పేరు. గురో అంటే అక్కడా గురువే. దెబ్బలకు నంబర్లున్నాయి. ఒకటంటే ఎదుటివాడి ఎడమ కణతకు, రెండంటే కుడి కణతకు. రెండు బెత్తాలూ చాప అల్లినట్టు ఆడిస్తే అది సినవాలి. నాకు "చిన వాలి" అని వినిపించి, మరి పెద వాలి ఎవరని అడిగాను. జగదీష్ ఆ ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పనే లేదు.

కమిలిన వేళ్ల సంగతీ తేలింది. తల కంటే ముందు, కర్ర పట్టుకున్న చేతిని కొట్టాలట. దాన్ని పాము కోరలు పీకడమంటారు. ఆ పొద్దున పీకించుకున్న కోరలన్నీ మన జగదీష్‌వే.

తిరుగుదారిలో సూటిగా అడిగాను.

"కర్రసామని ఒక్క మాట చెప్తే శశికళ క్లాసు నిలిచేది కదా. ఎందుకు చెప్పలేదూ?"

రెడ్ లైట్ దగ్గర కారాపి, నా వైపు తిరిగాడు.

"పిన్నిగారూ, ఎనిమిది మంది పిల్లలు ఒకే సరళీ స్వరం ఎనిమిది శ్రుతుల్లో పాడుతుంటే ఇంట్లో ఉండలేకే నేను ఈ క్లాస్‌లో జాయిన్ అయ్యాను. వచ్చే వారం నుంచి ఇది మానేసి హాయిగా ఇంట్లో పడుకుందామనుకుంటున్నా. మీరు నిజం చెప్పేశారంటే ఇంకో ఏడాది ఈ దెబ్బలు తినాలి."