అడ్డంగా వేసిన చంక ముక్క

పాత యుద్ధాల పుస్తకాలు ఎన్ని తిరగేసినా రాజుల పేర్లే గానీ, వాళ్ల గొలుసు చొక్కాలకి చంకలు కుట్టినవాడి పేరు ఒక్కచోటా కనబడదు. చంక కుదరకపోతే ఎంత రాజైనా కత్తి ఎత్తలేడు మరి. ఇప్పుడు రాజులు లేరు, ఫ్యాక్టరీల్లో మాంసం కోసేవాళ్లున్నారు. కత్తి జారినా దిగకుండా వాళ్లకి సన్నని ఉక్కు రింగులతో చొక్కాలు అల్లి కుట్టే మనిషిని వీధిలో అందరూ ఇనుప దర్జీ అనేవారు. ఇరవై రెండేళ్లలో ఒక్క చొక్కా వెనక్కి రాలేదని అతనికి కాస్త మిడిసిపాటు కూడా.

గుడ్డకి పడుగూ పేకా ఉన్నట్టే రింగుల అల్లికకీ నిలువూ అడ్డమూ ఉంటాయి. ఒకవైపు లాగితే సాగుతుంది, రెండోవైపు బిగుసుకుపోతుంది. అలాంటి ఫ్యాక్టరీలోనే మాంసం కోసే తన బావకి చొక్కా కుడుతుంటే ఎడమ చంక దగ్గర ముక్క చాల్లేదు. మళ్లీ అల్లాలంటే రెండు రోజులు. చేతిలో ఉన్న ముక్కనే అడ్డంగా తిప్పి అతికేశాడు. మనవాడే కదా, సర్దుకుంటాడులే అనుకున్నాడు. పరాయివాడికైతే ఆ పని చేసేవాడు కాదు.

నెల తిరక్కుండా, కొక్కేనికి వేలాడే మాంసం అందుకోవడానికి బావ ఎడమచెయ్యి ఎత్తాడు. సాగాల్సిన చంక సాగక చొక్కానంతా పైకి లాగింది. బెత్తెడు పొట్ట బయటపడింది. కుడిచేతి కత్తి జారి సరిగ్గా అక్కడే దిగింది. ప్రాణం దక్కింది గానీ, చొక్కా పైకి లేవకుండా కట్టుకునే నడుం పట్టీ బిగించుకోకపోవడమే కారణమని సూపర్‌వైజరు రాసేశాడు. రేపు బావ అవునని సంతకం పెడితే ఉద్యోగం ఊడినట్టే.

దర్జీ చూడ్డానికి వెళ్లేసరికి అక్క దెప్పుతోంది.

"పట్టీ బిగించుకోవడం కూడా నేనే నేర్పాలా?"

"బిగించాననే గుర్తు," అన్నాడు బావ మంచం మీంచి. "ఏమో, మర్చిపోయానేమో. రా బామ్మర్దీ, కూర్చో. నీ చొక్కానే లేకపోతే పేగులు చేత్తో పట్టుకొచ్చేవాణ్ణి."

దర్జీ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"ఈసారి పొట్టకి తాళం కూడా పెట్టి పంపు తమ్ముడూ," అంది అక్క. "ఈయనకి చొక్కా ఒక్కటే చాలదు."

బావ నవ్వబోయాడు. కుట్లు లాగి మూలిగాడు.

దర్జీ ఇక కూర్చోలేకపోయాడు. ఫ్యాక్టరీవాళ్లు పంపిన సంచీలోంచి చొక్కా తీసి తొడుక్కున్నాడు. పట్టీ బిగించి, లాగి చూడమన్నాడు అక్కని. ఆమె లాగి చూసింది, కదల్లేదు. అప్పుడు ఎడమచెయ్యి ఎత్తాడు.

పొట్ట బయటపడింది.

"చంక ముక్క అడ్డంగా వేశాను," అన్నాడు. "చాల్లేదు. తెలిసే వేశాను బావా."

బావ ఆ పొట్టవంకే చూశాడు.

"నాలుగు రోజుల్నుంచి దీని తిట్లు తింటున్నాన్రా."

"తెలుసు."

"నాకు చెప్తే ఏం లాభం? రేపు ఫ్యాక్టరీకొచ్చి అందరి ముందూ ఇలాగే ఎత్తు."

ఎత్తితే ఆ గడప మళ్లీ తొక్కనివ్వరని దర్జీకి తెలుసు.

"వస్తాను," అన్నాడు.

అక్క దగ్గరికొచ్చి, అతని మొహం చూడకుండా పట్టీ విప్పడం మొదలుపెట్టింది.